టెంటు లేకుండా అడవిలో మొదటి రాత్రులు: ఏం మోశాం, ఎక్కడ పడుకున్నాం

టెంటు వద్దనుకుంటే అడవిలో పడుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. పైన టార్ప్, అంటే నీళ్లు దిగని టార్పాలిన్ గుడ్డ కట్టుకుని నేలమీద పడుకోవచ్చు, లేదంటే చెట్ల మధ్య ఊయల కట్టుకోవచ్చు. పద్నాలుగేళ్ల మా అక్క కూతురికి ఇదే మొదటి అడవి రాత్రి కాబట్టి రెండూ చూపిద్దామనుకున్నాను. దానికి తగ్గట్టే సామాను సర్దాం. ముందే ఒక మాట చెప్పేస్తాను. అందరూ పైకప్పు గురించి టెన్షన్ పడతారు కానీ, నిద్ర పట్టేదీ పట్టనిదీ వీపు కింద ఏముందనే దాని మీదే ఆధారపడుతుంది.

తను మంచం మీద పరిచిన సామాను చూస్తే ఇల్లు ఖాళీ చేస్తున్నట్టే ఉంది. పెద్దవాళ్లు తమ బరువులో ఐదో వంతు దాకా మోయొచ్చని మామూలుగా చెప్పే లెక్క. ఎదిగే పిల్లలకు అంతకంటే తగ్గించాలి. నలభై అయిదు కిలోల పిల్లకు ఆ లెక్కన తొమ్మిది కిలోలు వస్తాయి, నేను ఏడు దగ్గర ఆపేశాను. మొదట బయటికి పోయింది జీన్స్, దాని వెనకే మందపాటి కాటన్ స్వెట్‌షర్ట్. కాటన్ తడిస్తే నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది, ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. వాటి బదులు ఉన్ని సాక్సులు, తొందరగా ఆరే ప్యాంటు, పలుచని ఫ్లీస్ (తేలికైన, వెచ్చటి బట్ట) జాకెట్ పెట్టాం. రాత్రి వేసుకునే జత వేరే కవర్లో కట్టి, ఎంత చెమట పట్టినా పగలు ముట్టుకోకూడదని షరతు పెట్టాను. లావుపాటి నవల మాత్రం వదలనంది. "పిన్నీ, నా బ్యాగు, నా బరువు" అంది. సరే అన్నాను. మోసేవాళ్లకు ఒక్క వస్తువైనా ఎంచుకునే హక్కు ఉండాలి కదా.

ఇక పడక. స్లీపింగ్ బ్యాగ్ వెచ్చదనమంతా దాని దూదిలో చిక్కుకున్న గాలి వల్లే వస్తుంది. మనం పడుకోగానే కింది దూది నలిగిపోతుంది, గాలి పోతుంది, నేల మన వేడిని పీల్చేస్తుంది. అందుకే మ్యాట్ తప్పదు. గాలి నింపేవి మెత్తగా, వెచ్చగా ఉంటాయి. కానీ టెంటు అడుగు లేనిచోట ఒక్క ముల్లు చాలు. మొదటిసారి వచ్చేవాళ్లకు చుట్టేసుకునే మామూలు ఫోమ్ మ్యాటే నయం. గుచ్చుకున్నా ఏమీ కాదు, మధ్యాహ్నం దానిమీద కూర్చోవచ్చు కూడా.

స్లీపింగ్ బ్యాగ్, టార్ప్ అద్దెకు తెచ్చాం. బ్యాగు శుభ్రంగా ఉంది, లోపల వేసుకునే పలుచని లైనర్ కూడా ఇచ్చారు, అందుకు మెచ్చుకోవాలి. కానీ ఎంత చలికి పనికొస్తుందని అడిగితే కౌంటర్లో చెప్పింది లిమిట్ అంకె, అంటే ముడుచుకుని ఎలాగోలా నెట్టుకురాగల చలి. లేబుల్ మీద కంఫర్ట్ అని, హాయిగా నిద్రపట్టే చలికి ఇంకో అంకె ఉంటుంది. పిల్లల కోసం చూడాల్సింది అదే, రెంటికీ కొన్ని డిగ్రీల తేడా ఉంటుంది. టార్ప్ అక్కడే విప్పి చూస్తే ఒక మూల తాడు కట్టే కన్నం చిరిగి ఉంది, తాళ్లు సగమే ఉన్నాయి. గొణుక్కుంటూనే మార్చి ఇచ్చారు. అద్దె సామాను అక్కడే నిలబడి విప్పి చూడకుండా తీసుకోకండి.

అటవీ కార్యాలయం వాళ్ల సేవ మాత్రం బాగుంది. ఫోన్లోనే ఎక్కడ ఉండొచ్చో, మంట వేయొచ్చో లేదో, చెట్లకు తాళ్లు కట్టనిస్తారో లేదో ఓపిగ్గా చెప్పారు. ఊయల తీసుకెళ్లే ముందు చివరిది అడిగి తీరాలి, కొన్నిచోట్ల అసలు కట్టనివ్వరు. కట్టనిచ్చినా సన్నతాడు బెరడును కోస్తుంది కాబట్టి రెండున్నర సెంటీమీటర్లకు తగ్గని వెడల్పు పట్టీలు వాడాలి.

మొదట దిగిన చోటు వాగు పక్కన చదును నేల. ఫొటోలకు బ్రహ్మాండంగా ఉంది. పడుకోవడానికి అంత బాగోలేదు. చల్లగాలి బరువుగా పల్లానికి దిగి అక్కడే నిలుస్తుంది, మంచు పట్టేస్తుంది, దోమలు సరేసరి. టార్ప్ అంచుకు వేలాడదీసిన దోమతెర లేకపోతే ఆ రాత్రి నిద్ర లేనట్టే. నేలమీద పరిచే షీటు టార్ప్ నీడ దాటి బయటికి రాకుండా మడిచాం. బయటికొస్తే వాననీళ్లు దానిమీద పడి నేరుగా పడకలోకి వస్తాయి.

తర్వాత కాస్త వాలు ఎక్కి చెట్ల మధ్యకు మారాం. ఇదే మంచి చోటు. పొడిగా ఉంది, గాలి ఆడుతోంది, నీళ్లకు నడవాల్సిరావడం ఒక్కటే ఇబ్బంది. పైన ఎండుకొమ్మలు వేలాడుతున్నాయేమో తనే తలెత్తి చూసి ఒక చెట్టును కాదంది. తొడంత లావున్న పచ్చని చెట్లు, మధ్య నాలుగు మీటర్ల దూరం, పట్టీలు నేలకు ముప్పై డిగ్రీల వాలులో ఉండేలా కట్టాం. ఊయలలో నిలువుగా పడుకుంటే నడుము వంగిపోతుంది, కాస్త ఐమూలగా పడుకుంటే వీపు చదునవుతుంది. కింద నుంచి గాలి కొడుతుంది కాబట్టి అక్కడ కూడా అదే ఫోమ్ మ్యాట్ లోపల వేశాం. అది రాత్రంతా జారుతూనే ఉంది. ఊయల కిందికి కట్టే దుప్పటి, అంటే అండర్‌క్విల్ట్ దొరికితే ఈ బాధ ఉండదు. పట్టీలకు చిన్న దారం ముక్క వేలాడగడితే, పట్టీ వెంట జారే వాననీరు దాని మీదుగా కిందికి కారిపోతుంది.

చిన్న సామానులో హెడ్‌ల్యాంప్‌దే మొదటి స్థానం. ఎర్రలైటు ఉన్నది తీసుకుంటే చీకటికి అలవాటుపడ్డ కళ్లు చెదరవు. అదనపు బ్యాటరీలు, మెడలో విజిల్ (మూడుసార్లు ఊదితే సాయం కావాలని), బొబ్బలకు ప్లాస్టర్లు. నెలసరి తేదీ దూరంగా ఉన్నా ప్యాడ్లు, వాడినవి వెనక్కి తేవడానికి జిప్ కవర్లు పెట్టుకోవాలి. అమ్మాయిలకిచ్చే జాబితాల్లో ఇది ఎందుకో రాయరు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరగాలి, 2000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. మరుగుదొడ్డి లేనిచోట నీళ్లకు 60 మీటర్ల దూరంలో, జానెడు లోతు గొయ్యి తవ్వడానికి చిన్న తాపీ ఉండాలి.

తనకు నచ్చింది ఊయల. నిద్ర బాగా పట్టింది మాత్రం నేలమీదే, అదీ తనే ఒప్పుకుంది. మళ్లీ వెళ్తే పైచోటుకే నేరుగా వెళ్లి, సాయంత్రాలకు ఊయల, రాత్రికి టార్ప్ కింద మ్యాట్ అని తేల్చాం. మ్యాట్, హెడ్‌ల్యాంప్ సొంతానికి కొంటాం. స్లీపింగ్ బ్యాగ్ ఇంకో ఏడాదైనా అద్దెకే తెస్తాం, పిల్ల ఇంకా పొడుగవుతోంది కదా.