30 రూపాయల సిలువమార్గం

గుణదల తిరునాళ్లకు వెళ్ళినప్పుడు ఒక స్టాల్లో కొన్న అరచేతి పుస్తకం. యేసు సిలువ మోసిన దారిని పద్నాలుగు ‘స్థలాలు’గా తలుచుకుంటూ చేసే ప్రార్థనలు ఇందులో ఉన్నాయి. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్కాలం శుక్రవారాల్లో అమ్మా నేనూ ఇదే చదివాం.

ఐదో స్థలం దగ్గరే నన్ను పట్టేసింది. పొలం నుంచి వస్తున్న సిరేనియా సీమోను మీద సైనికులు బలవంతంగా సిలువ మోపారు కదా, దాన్ని ఈ పుస్తకంలో నేరుగా ‘వెట్టి’ అన్నారు. సీమోను పుణ్యాత్ముడని చిన్నప్పటి నుంచి వింటున్నా, ఆ మాట ఎవరి నోటా వినలేదు. పదో స్థలంలో, యేసు బట్టలు లాగేసే చోట, మురుగు గుంటల్లో దిగే కార్మికుల కోసం ప్రార్థన. అక్కడ అమ్మ గొంతు ఆగిపోయింది.

క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా లేకుండా చేసిన 1950 ఉత్తర్వు గురించీ ఒక వాక్యం ఉంది. బాగుంది. మరి గుడి లోపలి కులం మాటో? చర్చిలో వివక్ష ఉందని భారత కథోలిక బిషప్పుల సమాఖ్యే 2016లో ఒప్పుకుంది. పుస్తకం మాత్రం దాటేసింది.

అక్షరాలు మరీ చీమలు. రెండో వారానికే పిన్ను ఊడింది, నేనే దారంతో కుట్టాను. పెద్ద అక్షరాలతో వేస్తే అమ్మకు ఇంకోటి కొంటాను.