హెడ్ హంటర్స్ ఎల్పీ: కొనేముందు మొదటి వైపు చివరి ఆరు నిమిషాలు వినండి

అమెరికా జాజ్ పియానిస్టు హెర్బీ హాన్‌కాక్ 1973లో కొలంబియా రికార్డు కంపెనీకి చేసిన ‘హెడ్ హంటర్స్’ అరుదైన రికార్డేమీ కాదు. లక్షల్లో అమ్ముడుపోయింది. అమెరికాలో పాత రికార్డులు అమ్మే కొట్లలో ఇప్పటికీ తరచూ తగులుతుంది. కష్టమల్లా అరగని ప్రతి సంపాదించడమే. ఇది జనం డాన్సు చేస్తూ విన్న సంగీతం. బరువైన ముల్లుతో, రికార్డులను తనే మార్చుకునే ఆటోమేటిక్ ఛేంజర్ల మీద ఎన్నోసార్లు తిరిగిన ప్రతులే ఎక్కువ.

ఉన్నవి నాలుగే పాటలు. మొదటిది ‘కమీలియన్’, 15 నిమిషాల 41 సెకన్లు. పాట మొదలవగానే వినిపించే పన్నెండు స్వరాల బేస్ వరస బేస్ గిటారు మీద పలికింది కాదు, ఆర్ప్ ఒడిస్సీ సింథసైజర్ మీద హాన్‌కాక్ వాయించింది. బేసిస్టు పాల్ జాక్సన్ పై స్వరాల్లో గిటారులా మీటుతూ దానికి జవాబిస్తుంటాడు. ఆల్బమ్ మొత్తంలో గిటారిస్టే లేడు. ఆ పని హోనర్ డీ6 క్లావినెట్ అనే కీబోర్డు చేస్తుంది. హార్వీ మేసన్ డ్రమ్స్‌కీ ఈ వాద్యాలకీ మధ్య చాలా ఖాళీ వదిలారు. మంచి ప్రెస్సింగ్‌లో (ముద్రణలో) ఒక్కో వాద్యం తన చోట విడిగా నిలబడి వినిపిస్తుంది. రికార్డులు సేకరించేవాళ్లు ఈ ఎల్పీ కోసం వెతకడానికి మొదటి కారణం ఇదే.

అసలు పరీక్ష మాత్రం ‘వాటర్‌మెలన్ మ్యాన్’. 1962లో బ్లూ నోట్ కంపెనీకి చేసిన తన పాటనే హాన్‌కాక్ ఇక్కడ పూర్తిగా మార్చేశాడు. మొదట్లో పిల్లనగ్రోవిలా వినిపించేది బిల్ సమ్మర్స్ ఊదిన బీరు సీసా. మధ్య ఆఫ్రికాలోని బెంజెలే పిగ్మీలు ఒకే స్వరం పలికే చిన్న వేణువు ఊదుతూ మధ్యమధ్యలో గొంతు కలుపుతారు. ఇది ఆ పద్ధతే. సీసా మూతి మీద ఊపిరి జారే చప్పుడు, వెంటనే గొంతు, మళ్లీ ఊపిరి. గాడి బాగుంటే ఈ మూడూ విడివిడిగా తెలుస్తాయి. అరిగిపోతే ఊపిరి బరబరమంటుంది, గొంతు చీలుతుంది.

ఈ పాటే ముందు అరగడానికి కారణం సులభం. మొదటి వైపు నిడివి 22 నిమిషాల 10 సెకన్లు, ఈ పాట దాని చివర పడింది. అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు నడిస్తే, లోపలికి వచ్చేసరికి 20 చిల్లరే నడుస్తుంది. పై ఫ్రీక్వెన్సీలన్నీ (సన్నటి ధ్వనులు) ఆ కాస్త జాగాలో ఇరుక్కోవాలి. బరువైన ముల్లు ముందుగా చెరిపేది వాటినే. రికార్డు నిగనిగలాడుతున్నా ఈ అరుగుదల కంటికి ఆనదు. అందుకే అమ్మేవారిని ఆ చివరి ఆరున్నర నిమిషాలు వేసి వినిపించమనాలి. కుదరకపోతే నడిమి రంధ్రం చుట్టూ లేబుల్ మీద గీతలు చూడండి. దట్టంగా ఉంటే బాగా తిరిగిన ప్రతి.

రెండో వైపు చివరనున్న ‘వెయిన్ మెల్టర్’ నిదానమైన పాట. బెన్నీ మోపిన్ బేస్ క్లారినెట్ మెల్లగా నడుస్తుంటుంది గనక చిన్న చిటపట కూడా బయటపడుతుంది. గాడి మీద గీతల సంగతి ఇక్కడ తేలుతుంది.

ఇక కంపెనీ వేసిన కేటలాగు నంబర్లు. అమెరికా తొలి ప్రతుల మీద కేసీ 32731, ధర కోడు మారాక వచ్చినవాటి మీద పీసీ 32731. యూరప్ ప్రతులు సీబీఎస్ 65928. అట్ట వెనక బార్‌కోడ్ ఉంటే అది బాగా తర్వాతి ముద్రణ. అట్టలు తారుమారవుతుంటాయి కాబట్టి నంబరు లేబుల్ మీద కూడా చూడాలి. పాట అయ్యాక మిగిలే నల్లటి పట్టీలో ఏఎల్ 32731 పక్కన 1ఏ అని చెక్కి ఉందని రెట్టింపు ధర అడిగితే ఇవ్వకండి. కొలంబియా ఒకేసారి పలు లక్కర్లు (అచ్చుకు మూలమైన, గాడి కోసిన పళ్లాలు) కోయించి వేర్వేరు ఫ్యాక్టరీలకు పంపేది. 1ఏ ఉన్నంత మాత్రాన అదే అన్నిటికంటే ముందు అచ్చయిందనడానికి లేదు. అరిగిన కేసీ కంటే శుభ్రమైన పీసీ ఎప్పుడూ మేలు.

సీక్యూ 32731 అని ఉంటే అది క్వాడ్రాఫోనిక్ (నాలుగు స్పీకర్ల) ప్రతి, మిక్సే వేరు. నాలుగు చానెళ్లను రెండింటిలో ఇమిడ్చే ఎస్‌క్యూ పద్ధతి కనుక మామూలు కార్ట్రిడ్జ్‌తో (ముల్లును పట్టుకునే భాగం) స్టీరియోలో వినొచ్చు, కానీ వాటిని విడదీసే డీకోడర్ లేకపోతే వాద్యాల చోట్లు కాస్త అస్పష్టమవుతాయి. మొదటి ప్రతిగా మామూలు స్టీరియోనే కొనండి.

ఇంటికి తెచ్చాక ముందు కడగాలి. మూడు వంతుల డిస్టిల్డ్ వాటర్‌కు ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, మెత్తని బ్రష్‌తో గాడి వెంట తిప్పి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ తుడవాలి. లేబుల్ తడవకూడదు. ఇదే ద్రావణం తాతలనాటి 78 ఆర్‌పీఎం రికార్డుల మీద మాత్రం పొరపాటున కూడా వాడొద్దు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌కు కరుగుతాయి. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో తేమకు పాత కాగితం స్లీవ్‌లో బూజు పడుతుంది, కడిగిన రికార్డును తిరిగి అందులో పెట్టకుండా కొత్త యాంటీస్టాటిక్ స్లీవ్‌లోకి మార్చండి.

ముల్లు బరువు కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పినంతే పెట్టాలి. చాలా మూవింగ్ మాగ్నెట్ (కదిలే అయస్కాంతం) రకాలకు 1.8 నుంచి 2 గ్రాములు. అరుగుతుందని భయపడి తగ్గిస్తే ముల్లు గాడిలో కుదురుగా నిలవక ఎగిరెగిరి పడుతూ ఇంకా పాడుచేస్తుంది. ప్రొట్రాక్టర్‌తో (కార్ట్రిడ్జ్ కోణం కొలిచే పరికరం) అలైన్‌మెంట్ సరిచూశాక కూడా సీసా ఊపిరి బరబరమంటే, ప్రతిని నిందించే ముందు ముల్లు సంగతి చూడండి. గుండ్రటి మొన బదులు ఎలిప్టికల్ లేదా మైక్రోలైన్ మొన వేస్తే అదే రికార్డు చాలాసార్లు శుభ్రంగా పలుకుతుంది. సన్నటి మొన పాత ముళ్లు అంతగా తాకని చోట గాడి గోడను అందుకుంటుంది.