ఇంక్యుబేటర్ 37.8 అంటుంది, నమ్మకండి

కోడిగుడ్లు పొదిగి పిల్లలు తీసే ఈ డబ్బాలో రెండున్నరేళ్లలో పదకొండు బ్యాచ్‌లు తీశాను. యాభై ఆరు గుడ్లు పట్టే రకం, గుడ్లను తనే తిప్పుతుంది, ఆన్‌లైన్‌లో అందరూ కొనేదే. కెపాసిటీ, వాట్లు, వారంటీ సంగతులన్నీ అమ్మేవాళ్ల పేజీలోనే ఉంటాయి కాబట్టి ఇక్కడ రాయను. నేను చెప్పాలనుకున్నది ఒక్కదాని గురించే. లోపలి వేడి ఎంతో చూపిస్తూ ముందు వైపు వెలుగుతుండే ఆ ఎర్ర అంకె. దాని మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు.

కొన్న కొత్తలో మా చుట్టాల గ్రూపులో దీన్ని నేనే తెగ పొగిడాను. మీటర్ కరెక్ట్‌గా చూపిస్తుంది, గుడ్లు తిప్పే పని లేదు, తేడా వస్తే అదే కూతేస్తుంది, కళ్లు మూసుకుని కొనేయండి అని రాశాను. ఆ మాట విని ఇద్దరు కొన్నారు కూడా. వాళ్లు ఇది చదివితే ఏమనుకుంటారో.

మాది హైదరాబాద్‌లో నాగోలు. అత్తమ్మ వాళ్లది సూర్యాపేట దగ్గర పల్లె, గుడ్లు అక్కడి నుంచే ఊకలో పెట్టి బస్సులో వస్తాయి. మొదటిసారి నలభై గుడ్లు పెట్టాను. లెక్క ప్రకారం 21వ రోజు పిల్లలు రావాలి. 21 దాటింది, చప్పుడు లేదు. 22 కూడా అంతే. మా ఆయన పొద్దున్నే పెనం పొయ్యి మీద పెట్టి "ఒకటి కొట్టి చూద్దామా" అని జోకులు. 23వ రోజు ఒక గుడ్డుకి చిల్లు పడింది, రాత్రికి మొత్తం పద్నాలుగు పిల్లలు. వాటిలో మూడు నిలబడలేక కూలబడిపోయాయి, ఇంకో రెండింటికి బొడ్డు సరిగ్గా మూసుకోలేదు. బస్సు కుదుపులకే ఇలా అయిందనుకున్నాను. కాసేపు పుంజుదే తప్పు అనుకున్నాను. రెండో బ్యాచ్ కూడా 23వ రోజే.

అప్పుడు అత్తమ్మ మా ఇంట్లోనే ఉంది. మూత తీయించి, ఒక గుడ్డు తీసి కనురెప్పకు ఆనించుకుని, "ఇరువై మూడు దినాలా? మా పెట్ట ఏనాడు ఇరువై ఒకటి దాటనియ్యలే. దీనికి కాక సాల్తలేదు బిడ్డా" అంది. ఎర్ర అంకె 37.8 చూపిస్తోంది కదా అత్తమ్మా అన్నాను. "అది జూపిస్తది. గుడ్డు జెప్తలేదు."

ఒళ్లు మండినా, పిల్లలకు జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ తెచ్చి, కొనను రెండు గుడ్ల మధ్య దూర్చి, మూత పెట్టి కిటికీలోంచి చూశాను. "గుడ్లకు జరం జూస్తున్నవా" అని అత్తమ్మ ఒకటే నవ్వు. ఆ థర్మామీటర్లు ఎందుకు మంచివంటే, మనకు కావలసిన రేంజిలోనే, అంటే 98 నుంచి 102 ఫారెన్‌హీట్ మధ్యే, అవి కచ్చితంగా పనిచేయడానికి తయారు చేసినవి. గుడ్డుకు కావలసింది సుమారు 100, సెల్సియస్‌లో 37.8. నా థర్మామీటర్ 98.4 చూపించింది. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ అంతే. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒళ్లు ఎంత ఉంటుందో అంతే, గుడ్లకు జ్వరమే లేదు! దాదాపు ఒక డిగ్రీ సెల్సియస్ తక్కువలో నెలంతా ఉంచాను వాటిని. ఆలస్యంగా రావడం, నీరసంగా ఉండడం, బొడ్డు మూసుకోకపోవడం, అన్నీ వేడి తక్కువైనప్పుడు కనిపించే లక్షణాలేనట. వేడి ఎక్కువైతే దీనికి వ్యతిరేకంగా 19, 20 రోజులకే వచ్చేస్తాయి.

దీన్ని సరిచేయొచ్చు, అది ఒప్పుకోవాలి. నా డబ్బాలో సెట్ బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టుకుని, ఒక్కొక్కటే దాటుకుంటూ పోతే సీఏ అనే రెండు అక్షరాలు వస్తాయి, అక్కడ తేడా ఎంతో అంత తగ్గించాలి. డబ్బాతో వచ్చిన కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. తేమ చూపించే అంకెకూ అదే జబ్బు. ఉప్పులో కాస్త నీళ్లు కలిపి ముద్దలా చేసి, సీసా మూతలో పెట్టి, తేమ మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో మూసి రాత్రంతా వదిలేస్తే 75 శాతం చూపించాలి. నేను విడిగా కొన్న చిన్న మీటర్ 73 చూపించింది. దాన్ని డబ్బాలో పెడితే, డబ్బా 60 అంటున్న చోట ఇది 46 అంటోంది. ఇంక దాన్ని సరిచేసే ఓపిక లేదు, చిన్న మీటర్‌నే లోపల ఉంచేశాను.

సరిచేసిన తర్వాత మూడో బ్యాచ్. ఈ బ్యాచ్ గురించి చెప్పి తీరాలి, ఎందుకంటే దీన్ని కొనేముందు అందరూ భయపెట్టేది కరెంటు గురించే. అక్టోబర్‌లో ఒక సాయంత్రం వాన, మా సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. గుడ్లు 16వ రోజులో ఉన్నాయి. 12 వోల్టుల బ్యాటరీ ఉంది కానీ రెండు నెలలుగా ఛార్జింగ్ పెట్టలేదు, పది నిమిషాలకే చచ్చిపోయింది. మూత తెరవకుండా, గాలి రంధ్రాలు వదిలేసి, చుట్టూ రెండు దుప్పట్లు కప్పి కూర్చున్నాను. ఐదు గంటలు. కరెంటు వచ్చాక ఎర్ర అంకె వెలిగి 28.6 చూపించింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. తీరా చూస్తే ముప్పై ఏడు గుడ్లలో ముప్పై మూడు పిల్లలయ్యాయి, కాకపోతే ఒక పూట ఆలస్యంగా. పెట్ట కూడా మేతకు లేచి వెళ్తుంది కదా, కాసేపు చల్లబడడం గుడ్డుకు అలవాటే. ఇరవయ్యో రోజు రాత్రి మూతకు చెవి ఆనిస్తే లోపల గుడ్లలోంచే కిచకిచలు వినిపించాయి, మా ఆయన కూడా జోకులు మానేసి పక్కన కూర్చున్నాడు.

ఆ బ్యాచ్‌తో నాకు పొగరెక్కింది. చుట్టాల గ్రూపులో పొగిడింది ఆ వారమే.

ఇక అసలు దెబ్బ మే నెలలో. డబ్బాను పైన ఒంటి గదిలో ఉంచేదాన్ని, నేరుగా స్లాబు కింద. ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడే బాగా నడిచింది, మార్చాలన్న ఆలోచనే రాలేదు. నలభై రెండు గుడ్లు పెట్టాను. పదో రోజు రాత్రి లైటార్పి టార్చ్ పెట్టి చూస్తే ముప్పై ఆరింటిలో నరాలు ఎర్రగా సాలెగూడులా అల్లుకుని, మధ్యలో నల్లటి కన్ను చుక్క అటూ ఇటూ ఎగురుతోంది. అప్పటిదాకా అంత మంచి బ్యాచ్ లేదు నాకు.

పదిహేనో రోజు ఖమ్మంలో పెళ్లి. రోహిణి కార్తె మొదలైంది. పొద్దున ఆరింటికే బయలుదేరాం, పావురాలు దూరతాయని పై గది కిటికీ మూసి, నీళ్లు నింపి, బ్యాటరీ ఛార్జింగ్ చూసుకుని మరీ. నా భయమంతా కరెంటు గురించే కదా. మధ్యాహ్నం రెండున్నరకు, భోజనాల దగ్గరుండగా కింద అద్దెకుండే పిన్నిగారు ఫోన్ చేశారు. "పైన ఏదో ఆగకుండా కూస్తోందమ్మా, గ్యాస్ గానీ లీకవుతోందా?"

"కరెంటు ఉందా పిన్నిగారూ?"

"ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది."

కరెంటు ఉందంటే నాకు ధైర్యం వచ్చేసింది. ఈ డబ్బా నీళ్లు తగ్గినా కూస్తుంది, వేడి తగ్గినా కూస్తుంది, పెరిగినా కూస్తుంది, అన్నింటికీ ఒకటే పీక్ పీక్. ఎండలకు నీళ్లు ఆరిపోయి ఉంటాయిలే, వచ్చి పోస్తాను, పట్టించుకోకండి అని చెప్పి పెట్టేశాను. తాళం చెవి పిన్నిగారి దగ్గరే ఉంది. కాస్త మేడెక్కి మూత కొంచెం తెరవండి అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. ఇప్పటికీ ఆ ఫోన్ తలచుకుంటే కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. మెట్లెక్కుతుంటేనే గోడ వేడి చేతికి తగిలింది. గది తలుపు తీస్తే పొయ్యి ముందు నిలబడ్డట్టు. ఎర్ర అంకె 40.7. అదీ రాత్రి తొమ్మిదింటికి, ఇక మధ్యాహ్నం ఎంత ఉందో ఊహించుకోండి. హీటర్ లైటు ఆరిపోయే ఉంది, అంటే మెషిన్ తన పని తాను చేసింది. 37.8 దాటగానే హీటర్ ఆపేసింది, ఆ తర్వాత కూయడం తప్ప దానికి ఇంకేం తెలియదు. బయటి గాలే 38 దాటితే ఆ డబ్బా గుడ్లను చల్లబరచలేదు, పైగా రెండో వారం నుంచి లోపలి పిల్లలు సొంతంగా వేడి పుట్టిస్తాయి, అన్ని గుడ్లు ఒక్కచోట ఉంటే అవే ఒక హీటర్. చల్లబడితే గంటలు గంటలు తట్టుకునే గుడ్డు, 40 దాటితే అంతసేపు తట్టుకోలేదు. ఐదు గంటలు కరెంటు లేకపోతే బతికాయి, రోజంతా కరెంటు ఉండి చచ్చిపోయాయి.

ఆ రాత్రే టార్చ్ పెట్టాను. లోపల నల్లగా ఉంది, కదలిక లేదు. ఒకటి, రెండు, మూడు, అలా పన్నెండు చూసి ఆపేశాను. పారేయడానికి మనసొప్పక అలాగే ఉంచాను. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, నా దగ్గర గుడ్లు కూడా పగల్లేదు. 21వ రోజు ఒక్కటి, ముప్పై ఆరింటిలో ఒకే ఒక్కటి, పగిలి బయటికొచ్చింది. ఫోన్‌లో చెబితే అత్తమ్మ తిట్టలేదు, "నడి ఎండల పెట్టనెవరన్న పొదగేస్తరా బిడ్డా? ఏసినా కాకెక్కువైతే అదే లేచి అవుతల గూసుంటది" అంది. ఈ డబ్బా లేచి అవతల కూర్చోలేదు మరి.

ఆ తర్వాత డబ్బాను కింద మెట్ల కింది స్టోర్‌ రూములోకి దించాను. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ 32 దాటదు. అయినా ఏప్రిల్, మే నెలల్లో పెట్టడం మానేశాను. కింద గది లేనివాళ్లు, అపార్ట్‌మెంట్ పై అంతస్తుల్లో ఉండేవాళ్లు నా మాట విని ఆ రెండు నెలలు దీన్ని అటకెక్కించండి. వానాకాలం మాత్రం హాయి, మొదటి పద్దెనిమిది రోజులు నేను నీళ్లే పోయను, గాల్లో తేమే సరిపోతుంది, చివరి మూడు రోజులకే రెండు నీళ్ల గాడులూ నింపి తేమను 65 దాటిస్తాను.

గుడ్లు తిప్పే సంగతిలోనూ నా పాత మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి. మోటారు ఇప్పటికీ తిరుగుతోంది, నిజమే. కానీ ఆ రోలర్లు ఫారం గుడ్డు సైజుకు చేసినవి, నాటుకోడి గుడ్డు చిన్నది, కొన్ని జారి ఉన్నచోటే ఉండిపోతాయి. పెన్సిల్‌తో ఒక వైపు ఇంటూ, ఇంకో వైపు సున్నా పెట్టి చూస్తేనే తెలిసింది, నలభైలో ఆరేడు అసలు తిరగడం లేదు. వాటిని పొద్దున, సాయంత్రం చేత్తో తిప్పుతాను. 18వ రోజు రోలర్లు తీసేసి, కిచెన్ డ్రాయర్లో వేసే గరుకు మ్యాట్ పరుస్తాను, నున్నటి ప్లాస్టిక్ మీద పిల్లల కాళ్లు జారి అడ్డంగా విడిపోకుండా. ఇంక అక్కడి నుంచి మూత ముట్టుకోను. ఒకసారి జాలిపడి తెరిచి, చిల్లు పడ్డ గుడ్డుకు సాయం చేయబోతే పక్కనున్న రెండింటి పొర ఆరిపోయి పిల్లలు లోపలే అతుక్కుపోయాయి. బయటికొచ్చిన వాటికి మేత లేదని కంగారు పడక్కర్లేదు, కడుపులోకి పీల్చుకున్న పచ్చసొనతో రెండు రోజులు ఆగుతాయి.

కొనమంటారా అని అడిగితే నా పరిస్థితి చెబుతాను, మీది మీరు చూసుకోండి. ఇంట్లో పొదిగే నాటు పెట్ట ఉంటే, ఏడాదికి పదీ పన్నెండు పిల్లలు చాలనుకుంటే ఇది దండగ. మాకు పెట్టను పొదగేసే చోటు లేదు, గుడ్లు ఊరి నుంచి ఒకేసారి నలభై వస్తాయి, కాబట్టి మాకు ఇదే గతి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ లాంటి రకాలు పెంచేవాళ్లకైతే ఎలాగూ తప్పదు, అవి పొదుగు మీద కూర్చోవడం తక్కువ. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి పగలంతా తాళం వేసుండే ఇల్లయితే మాత్రం నేను వద్దనే అంటాను. ఈ డబ్బా కూత వినడానికి ఎవరో ఒకరుండాలి, విన్నవాళ్లు మేడెక్కాలి.

మే నెలలో బతికిన ఆ ఒక్కదానికి రోహిణి అని పేరు పెట్టాం, ఇప్పుడు గుడ్లు పెడుతోంది. దాని గుడ్లు తొమ్మిది, ఊరి నుంచి వచ్చినవి ముప్పై, ఇవాళ్టికి 12వ రోజు. పొద్దున జ్వరం థర్మామీటర్ పెడితే 99.9 చూపించింది, బానే ఉంది. ఎర్ర అంకె మాత్రం 38.3 అంటోంది, పోయిన నెలలోనే సరిచేశాను, మళ్లీ తప్పింది.