రెండు సరస్సుల మధ్య గిజిత్స్కో

పోలండ్‌లో సరస్సుల ప్రాంతం చూడాలని ఎవరిని అడిగినా ముందు మికొవైకి పేరే చెబుతారు. ఫొటోల్లో ఆ ఊరే బాగా పడుతుంది మరి. అయినా బస మాత్రం గిజిత్స్కోలో పెట్టుకోమంటాను. మికొవైకిలో సరస్సు కనిపిస్తుంది. గిజిత్స్కోలో సరస్సు ఒక ఊరిని ఏం చేయగలదో కనిపిస్తుంది. వార్సాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు అందరం కలిసి బస్సులో బయలుదేరాం. వార్సా నుంచి నాలుగైదు గంటల ప్రయాణం. సగం దూరం దాటాక పొలాలు తగ్గి పైన్ చెట్లు, గుట్టలు, మధ్యమధ్యలో నీళ్లు మొదలవుతాయి.

దేశానికి ఈశాన్య మూలన ఉన్న ఈ ప్రాంతం పేరు మజూరియా. చివరి మంచుయుగంలో ఇక్కడంతా మంచు పరుచుకుని ఉండేది. అది కరిగి వెనక్కి తగ్గుతూ గుట్టలను, గోతులను వదిలిపోయింది. ఆ గోతులే ఇప్పుడు రెండు వేలకు పైగా సరస్సులు. వాటిలో పెద్దది శ్న్యార్ద్వి, సుమారు 113 చదరపు కిలోమీటర్లు. తర్వాతది మామ్రి. పెద్ద సరస్సులన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికి గొలుసుకట్టుగా ఉంటాయి, కాలవలు వాటిని కలుపుతాయి. నీటి మట్టం అన్నింటిలోనూ ఒకటే, సముద్ర మట్టానికి సుమారు 116 మీటర్లు. అయితే ఉత్తరపు కొసన నీరు వెంగోరాపా నది మీదుగా రష్యాలోని కాలినిన్‌గ్రాడ్ వైపు పోతుంది, దక్షిణపు కొసన నీరు పీసా నది పట్టుకుని పోలండ్ పెద్ద నది విస్తులాలో కలుస్తుంది. ఒకే నీటి పరుపు, రెండు దారులు.

తూర్పు నుంచి పడమరకు వెళ్లాల్సిన సైన్యానికైనా వర్తకుడికైనా ఇంత పొడవైన నీటి గొలుసు పెద్ద అడ్డంకి. దాటడానికి వీలున్న ఇరుకు చోట్లు కొద్దే. దక్షిణాన న్యెగోచిన్, వాయవ్యాన కిసైనో, ఈ రెండు సరస్సుల మధ్య మిగిలిన నేలపట్టీ అలాంటి చోటు. గిజిత్స్కో దాని మీదే ఉంది. 14వ శతాబ్దంలో ట్యుటానిక్ నైట్లు, అంటే జర్మన్ క్రైస్తవ యోధుల సంఘం వాళ్లు, ఇక్కడ కోట కట్టారంటే కారణం అదే. 1612లో పట్టణ హోదా వచ్చింది. ఆ శతాబ్దం మధ్యలో తాతార్లు దాడి చేశారు, తర్వాతి శతాబ్దం మొదట్లో ప్లేగు వచ్చింది.

రెండు సరస్సులనూ కలుపుతూ 1765, 1772 మధ్య తవ్విన వుచాన్‌స్కి కాలవ రెండు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. దాని మీద 19వ శతాబ్దపు వంతెన ఒకటి ఉంది. ఈ ఊళ్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. వంతెన పైకి లేవదు, పక్కకు తిరుగుతుంది. ఇరవై మీటర్ల పొడవు, వంద టన్నులకు పైగా బరువు, తిప్పేది మాత్రం ఒక్క మనిషి. ముందు అతను కార్లను ఆపి అడ్డుకర్ర దించుతాడు. తర్వాత పొడవాటి ఇనుప పిడిని గుంతలో దింపి, దాన్ని నెట్టుకుంటూ గుండ్రంగా నడవడం మొదలుపెడతాడు. మొదటి చుట్టులో ఏమీ జరిగినట్టు కనిపించదు. కాసేపటికి తారు రోడ్డులో సన్నని చీలిక కనిపించి, చూస్తుండగానే వెడల్పవుతుంది. కొన్ని నిమిషాల్లో రోడ్డు మొత్తం వెళ్లి కాలవ గట్టుకు ఆనుకుంటుంది. అప్పటిదాకా ఇంజన్లు తగ్గించుకుని వరసకట్టిన పడవలు ఒక్కొక్కటే దాటుతాయి. టికెట్టు లేదు, ప్రదర్శన అన్న పేరూ లేదు. వేసవిలో వంతెన తెరిచే వేళలు పక్కనే బోర్డు మీద రాసి ఉంటాయి. కారులో వెళ్లేవాళ్లు అవి చూసుకుంటే మంచిది, లేకపోతే చాలాసేపు ఆగాల్సి వస్తుంది.

వంతెన దాటి పడమరకు నడిస్తే బోయెన్ కోట. రాజుల కోటలా ఉంటుందనుకుంటే నిరాశే మిగులుతుంది. దూరం నుంచి చెట్లు కప్పిన మట్టిగుట్టలా ఉంటుంది, ఫిరంగులకు కనిపించకుండా ఉండాలనే అలా కట్టారు. అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా దీన్ని 1844లో మొదలుపెట్టి 1856లో పూర్తిచేసింది. నక్షత్రం ఆకారంలో ఉన్న చుట్టుగోడ పొడవు రెండు కిలోమీటర్లు దాటుతుంది. యుద్ధ మంత్రి హెర్మన్ ఫాన్ బోయెన్ పేరే కోటకు పెట్టారు. ఆరు బురుజుల్లో మూడింటికి ఆయన సొంత పేర్లు: లియోపోల్డ్, హెర్మన్, లుడ్విగ్. మిగిలిన మూడింటికి ఆయన వంశ చిహ్నంలోని మాటలు: ధర్మం, వెలుగు, ఖడ్గం. మంత్రిని మెప్పించడంలో ప్రష్యన్లు ఎక్కడా తక్కువ చేయలేదు.

1914 ఆగస్టులో రష్యా సైన్యం చుట్టుముట్టి లొంగిపొమ్మన్నా కోట లొంగలేదు. ఇరుకు దారి వాళ్ల చేతిలో లేకపోవడంతో రష్యా సైన్యాలకు సరస్సుల గొలుసు మధ్యలో అడ్డుగా మిగిలింది. రెండో ప్రపంచ యుద్ధంలో తూర్పు రంగం మీద నిఘా పెట్టిన జర్మన్ సైనిక విభాగం, సైనికాధికారి రైన్‌హార్డ్ గెలెన్ నాయకత్వంలో, ఇక్కడి నుంచే పనిచేసింది. లోపల మ్యూజియం చిన్నదే, వివరాలు ఎక్కువగా పోలిష్‌లోనే ఉన్నాయి. అందుకని మ్యూజియం దగ్గర తొందరగా కానిచ్చి, గోడ పైన ఉన్న దారి వెంట తీరిగ్గా నడవండి. ఎత్తుపల్లాలు ఎక్కువ కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను మాత్రం తిప్పకండి.

ఈ ఊరి పేరు కూడా చరిత్రే. 1945 దాకా ఇది జర్మనీకి చెందిన తూర్పు ప్రష్యాలోని లోట్సెన్. చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న మజూరులు పోలిష్ మాట్లాడేవాళ్లు, మతం మాత్రం పోలండ్‌లో ఎక్కువమందిలా కాథలిక్ కాదు, ప్రొటెస్టంట్లలో ఒక శాఖ అయిన లూథరన్. 1920 జులైలో ఏ దేశంలో ఉంటారని ఓటింగ్ పెడితే లోట్సెన్ జిల్లాలో పోలండ్‌కు పడిన ఓట్లు తొమ్మిది. తూర్పు ప్రష్యాకు, అంటే జర్మనీ వైపుకు, 29 వేలకు పైగా పడ్డాయి. భాష ఒకటైతే మనసూ ఒకటే అవుతుందని లెక్కలు వేసేవాళ్లు ఈ అంకెను ఒకసారి చూడాలి. యుద్ధం తర్వాత ఊరు పోలండ్‌కు వచ్చింది. మజూరుల పాటలు సేకరించి, వాళ్ల భాష కోసం వాదించిన లూథరన్ పాస్టర్ గిజేవియుష్ పేరును 1946లో ఊరికి పెట్టారు. ఆ మజూరుల్లో చాలామంది మాత్రం తర్వాతి దశాబ్దాల్లో జర్మనీకి వెళ్లిపోయారు. ఊరి నడిబొడ్డున ప్రష్యా వాస్తుశిల్పి షింకెల్ శైలిలో కట్టిన 1827 నాటి లూథరన్ చర్చి ఇప్పటికీ ఉంది.

ఇక బస. పాత ట్యుటానిక్ కోటలో మిగిలిన భాగాన్ని హోటల్‌గా మార్చారు. కాలవ పక్కనే ఉంటుంది, ఖర్చు బాగా ఎక్కువ. మేము ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద గదులు తీసుకున్నాం. వీధుల్లో గేట్లకు 'వోల్నె పొకోయె' అని రాసిన బోర్డులు వేలాడుతుంటాయి, గదులు ఖాళీగా ఉన్నాయని చెప్పడం అన్నమాట. శుభ్రం, వంటింటి వాడకం, పెరట్లో కుర్చీలు, అన్నీ బాగున్నాయి. ఆవిడకు ఇంగ్లీషు రాదు. తమ్ముడి పోలిష్, మా మరదలి నవ్వు కలిసి పని జరిపించాయి. రైలు పట్టాలు సరస్సు ఒడ్డునే పోతాయి కాబట్టి 'సరస్సు కనిపించే గది' అని చెప్పేచోట రైళ్ల చప్పుడు కూడా ఉంటుందా అని అడగండి. పట్టాల మీదుగా పడవల రేవుకు దిగే కాలిబాట వంతెన నుంచి న్యెగోచిన్ మొత్తం కనిపిస్తుంది.

తిండి విషయంలో చేపలు తినేవాళ్లకు పండుగే. ఇక్కడి చిన్న తెల్ల చేప సియెలావాను వేయించి ఇస్తారు, పొగబెట్టిన ఈల్ చేప కూడా దొరుకుతుంది. మాంసం కూరిన బంగాళదుంప ఉండలు కర్తాచె ఒకటి తింటే మధ్యాహ్నం భోజనం అయిపోయినట్టే. శాకాహారులు బంగాళదుంప, జున్ను కూరి కజ్జికాయల్లా చేసి ఉడికించే పిరోగి, బంగాళదుంప అట్లు తప్ప ఎక్కువ ఆశించకండి. పచ్చడి సీసా వెంట ఉంటే ఆ అట్లకు న్యాయం జరుగుతుంది. చాలా ఆదివారాల్లో పెద్ద దుకాణాలు చట్టప్రకారం మూసేస్తారు, శనివారమే సరుకులు కొనుక్కోండి.

మికొవైకికి ఓడలో వెళ్లాం. నాలుగు గంటలకు అటూ ఇటూ పడుతుంది, అంతా సరస్సులు, ఇరుకు కాలవలు. మొదటి గంట అద్భుతంగా ఉంది, మూడో గంటకు పిల్లలు దిగుదామన్నారు. పిల్లలుంటే ఒకవైపు ఓడ, మరోవైపు బస్సు పెట్టుకోండి. మికొవైకి జనాభా నాలుగు వేల లోపే, ఆగస్టులో ఒడ్డున నడవడానికి చోటుండదు. వంతెన దగ్గర గొలుసుతో కట్టి ఉంచిన, కిరీటం పెట్టిన చేప బొమ్మను చూసి, శ్న్యార్ద్వి వైపు తిరిగే చిన్న పడవెక్కి, సాయంత్రానికి వచ్చేయడం చాలు. హిట్లర్ స్థావరం 'తోడేలు గుహ' కూడా కెంట్షిన్ దగ్గర, గిజిత్స్కో నుంచి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ చూడాల్సింది ఎక్కువగా 1945 జనవరిలో జర్మన్లే పేల్చేసి పోయిన కాంక్రీటు దిబ్బలే. చరిత్ర తెలియకుండా వెళ్తే అడవిలో రాళ్లు చూసినట్టే ఉంటుంది.

పడవ అద్దెకు తీసుకునేవాళ్లకు ఒక మాట. 2007 ఆగస్టు 21న ఉన్నట్టుండి వచ్చిన పెనుగాలి ఈ సరస్సుల మీద పన్నెండు మందిని బలితీసుకుంది. తర్వాత ఒడ్ల వెంట హెచ్చరిక దీపస్తంభాలు పెట్టారు. నిమిషానికి 40 సార్లు మెరిస్తే జాగ్రత్తపడాలి, 90 సార్లు మెరిస్తే వెంటనే ఒడ్డు చేరాలి. మేము అద్దెకు తీసుకున్న చోట ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. డిపాజిట్టు, డీజిల్ గురించి మాత్రం రెండుసార్లు చెప్పారు.