పిల్లల మిస్టరీ కథ: క్లూ వంటింటిదా, కోటదా?

ఖర్చు: వంటింటి క్లూకి చిటికెడు పసుపు, సబ్బుముక్క చాలు. కోట క్లూకి గోల్కొండ దాకా వెళ్లి మెట్లెక్కాలి.

శ్రమ: "పులిహోర నేను ముట్టనేలేదు అమ్మమ్మా" అన్నవాడి చొక్కా మీద ఎర్ర మరక! కడిగేద్దామని సబ్బు రుద్దాడు, క్షారం తగిలి పసుపు కాస్తా ఎర్రబడి పట్టించేసింది. అమ్మమ్మ నిమ్మచెక్క రుద్దితే మళ్లీ పసుపు రంగే. రెండు పేజీల్లో కథ, పాఠం రెండూ అయిపోయాయి. కోట కథ అలా తెమలదు. కోట ద్వారం ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన కొండమీది బాలాహిసార్ మండపంలో వినబడుతుంది. దొంగను పట్టించడానికి భలే పనికొస్తుంది. కానీ 1687లో ఔరంగజేబు ముట్టడి, లోపలివాళ్లే తలుపు తీసిన సంగతి... చెప్పుకుంటూ పోతే కథ పాఠ్యపుస్తకమైపోతుంది. నేను మూడుసార్లు కొట్టేసి రాశాను.

రిస్కు: చరిత్రలో ఒక్క ఏడాది తప్పినా టీచర్లు ఊరుకోరు. వంటింటి ప్రయోగం పిల్లలు చేసి చూస్తారు, చూడాలి కూడా. అందుకే కథలో సబ్బు బదులు సున్నం అని రాయకండి, కళ్లలో పడితే ప్రమాదం.

ఏడెనిమిదేళ్ల వాళ్లకి, ఒక్క కూర్చోవడంలో చదివే కథకి పసుపు మరకే. పదేళ్లు దాటినవాళ్లకి, నెలనెలా సీరియల్‌గా నడపాలంటే, పైగా బడివాళ్లు విహారయాత్రకు తీసుకెళ్లేలా ఉంటే, కోట.