చిన్న కంచమా, త్రాసా, బియ్యం కొలతా: బరువు తగ్గడానికి ఏది మేలు?

బరువు తగ్గాలంటే అన్నం మానేయనక్కరలేదు, మోతాదు తగ్గిస్తే చాలు అన్నప్పటినుంచి పాఠకులు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: చిన్న కంచం కొనాలా, వంటింటి త్రాసు కొనాలా? మా ఇంట్లో రెండూ కొన్నాం, రెండూ అటకెక్కాయి.

అన్నీ ఒకేసారి వడ్డించుకుని తినేచోట చిన్న కంచం పనిచేస్తుందేమో గాని, పప్పులోకి కొంత, చారులోకి కొంత, చివర పెరుగులోకి కొంత అన్నం పెట్టుకునే మన భోజనంలో దానివల్ల మారు వడ్డనలే పెరుగుతాయి. నేను చిన్న కంచంలో తిన్న నెల రోజులూ, పెరుగు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తనంతట తానే అన్నం గిన్నె వైపు వెళ్లేది.

త్రాసు అంతకంటే నమ్మదగినదే. అయితే 100 గ్రాముల బియ్యం, పోసిన నీళ్లను బట్టీ, బియ్యం పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టీ, సుమారు 250 నుంచి 300 గ్రాముల అన్నమవుతుంది కనుక, నిన్నటి 200 గ్రాముల అన్నమూ నేటి 200 గ్రాముల అన్నమూ ఒకటి కావు. పైగా ఇంటిల్లిపాదీ తింటుండగా ఒక్కరు కంచాన్ని తూచుకుంటూ కూర్చోవడం వారం దాటి సాగదు.

నా దృష్టిలో అసలు కొలత బియ్యం కడిగే ముందే జరగాలి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు, రోజుకు 2000 కిలో కేలరీల ఆహారంలో ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలంటున్నాయి. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. మేం ముగ్గురం పూటకు రెండున్నర కప్పులు వండుకునేవాళ్లం. అంటే మనిషికి రెండు పూటలా కలిపి 250 గ్రాములు, ఉదయం తిన్న ఇడ్లీలు లెక్కలోకి రాకముందే! ఇప్పుడు కప్పున్నర పోస్తున్నాం. మనిషికి రోజుకు 100 గ్రాముల బియ్యం, దాదాపు 350 కిలో కేలరీలు తగ్గాయి. గిన్నెలో మిగలదు కనుక మారు వడ్డన ప్రశ్నే రాదు. మానుకోవడం కష్టమైనది మాత్రం, ఎవరైనా వస్తారేమోనని చివర్లో వేసే ఆ పిడికెడు బియ్యం. ఎవరూ రారు, పారేయడానికి మనసొప్పదు, ఆ అన్నం మన కడుపులోకే చేరుతుంది.

తగ్గిన అన్నం స్థానాన్ని కూర భర్తీ చేయాలి. పావుకిలో బీరకాయలు వండేచోట అరకిలో వండకపోతే, సాయంత్రానికి మిర్చి బజ్జీల బండి పిలుస్తుంది. నూనెను కూడా చెంచాతో కొలిచి పోయడం మేలు, చిన్న చెంచాడులోనే 40 కిలో కేలరీలకు పైగా ఉంటాయి.

పిడికిలి, అరచేతి కొలతలు విందులకు వెళ్లినప్పుడు అక్కరకొస్తాయి. ఫోన్ యాప్‌లలో మన పులుసుల లెక్క సరిగా తేలదు. బిర్యానీ పార్సిల్ తెచ్చుకుంటే, తినడం మొదలుపెట్టకముందే సగం తీసి ఫ్రిజ్‌లో పెట్టడం తప్ప వేరే ఉపాయం నాకు తోచలేదు.

మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడేవారు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది కనుక, కప్పు తగ్గించే ముందే తమ వైద్యుణ్ణి అడగాలి.