అమీర్‌పేటలో వెబ్ డిజైనింగ్ కోర్సుకి డబ్బు కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

నేను అప్లైడ్ ఆర్ట్ మూడో సంవత్సరం స్టూడెంట్‌ని. పోస్టర్, లోగో, పుస్తకం అట్ట ఏదిచ్చినా చేస్తాను కానీ వెబ్‌సైటు కట్టడం రాదు. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ కోసం ఏ స్టూడియోకి వెళ్లినా ముందు అడిగేది "మీ సైటు లింకు పంపండి" అనే. అందుకే పోయినేడాది జూన్‌లో అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. కోర్సు నాలుగు నెలలు. ఫీజు 48,000, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 56,640 రూపాయలు. చివరికి నాకు మిగిలింది నేను కట్టని సైటు, నా చేతిలో లేని డొమైన్ (సైటు అడ్రసు), నాన్న నెత్తిన అప్పు.

ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. రాస్తే దాన్నొక్కదాన్నీ తప్పించుకుని పక్క బిల్డింగ్ మెట్లెక్కుతారు, అక్కడా ఇదే కథ నడుస్తుండొచ్చు. అలాగని అమీర్‌పేట మొత్తం మోసమని కూడా అనను. మా హాస్టల్‌లో నా రూమ్మేట్ అక్కడే ఆరు వేలకి జావా నేర్చుకుంది, సారు రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని డౌట్లు చెప్పేవాడట. ఆమె అదృష్టం చూసే నేనూ వెళ్లాను.

మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు నడిచేలోపే నాలుగు పాంప్లెట్లు చేతిలో పడ్డాయి. అందులో ఒకటి "డిజైన్ స్టూడెంట్లకు ప్రత్యేక బ్యాచ్, 100 శాతం జాబ్ గ్యారంటీ". డెమో క్లాసుకి వెళ్లాను. డెమో సారు అదరగొట్టాడు. ఒక ఫోల్డర్ తెరిచి, అందులో ఒక పేరు మార్చి, ఫొటో మార్చి, బ్రౌజర్‌లో చూపించాడు. పెద్ద ఫొటోలు మెల్లగా జారుతున్నాయి, స్క్రోల్ చేస్తుంటే అక్షరాలు కిందనుంచి తేలి వస్తున్నాయి. నేను చూసింది రంగులు, ఫాంట్ల జత, పక్కన వదిలిన ఖాళీ. డిజైన్ చదివేవాళ్లం కదా, కంటికి బాగుంటే పడిపోతాం. సారు ఆ గంటలో ఒక్క లైను కోడ్ కూడా టైప్ చేయలేదన్న సంగతి నాకు నాలుగు నెలల తర్వాత వెలిగింది.

మీరు డెమోకి వెళ్తే ఒక్కటే అడగండి. "సార్, ఖాళీ ఫైలు తెరిచి, రెండు బాక్సులు పక్కపక్కన పెట్టి, ఫోన్‌లో చూస్తే ఒకదాని కింద ఒకటి వచ్చేలా చేసి చూపించండి." పని తెలిసినవాళ్లకి అది ఐదు నిమిషాల పని. "అవన్నీ కోర్సులో వస్తాయమ్మా" అన్నారంటే లేచి వచ్చేయండి.

డెమో అవ్వగానే కౌన్సెలర్ మేడం పక్క గదిలో కూర్చోబెట్టింది. ఇవాళ చేరితే 48,000, రేపైతే 58,000 అంది. మా దగ్గర అంత లేదంటే "నో కాస్ట్ ఈఎంఐ ఉందిగా, నెలకి 4,720, పాకెట్ మనీ అంత" అని నవ్వింది. నా ఆధార్, పాన్ ఫొటో తీసుకుంది. నాకు సంపాదన లేదు కాబట్టి నాన్నది కూడా కావాలంది. నాన్నకి జనగామలో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. ఫోన్ చేసేసరికి ఏదో పెళ్లి బ్యానర్ మెషిన్ మీద ఉంది, వెనకాల ఆ చప్పుడు. "ఓటీపీ వచ్చింది బిడ్డా, రాసుకో" అని ఆరు అంకెలు చెప్పి పెట్టేశాడు. తర్వాత ఇంకోటి. ఇంకోటి. మొత్తం మూడు ఓటీపీలు. నాన్న అనుకున్నది కూతురు ఫీజు వాయిదాల్లో కడుతోందని. నిజానికి జరిగింది నాన్న పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ అప్పు ఇవ్వడం, ఆ మొత్తం ఆ వారంలోనే ఇన్‌స్టిట్యూట్ ఖాతాలో పడిపోవడం, ప్రతి నెలా 5న నాన్న ఖాతాలోంచి డబ్బు దానంతటది కట్ అయ్యేలా అనుమతి ఇవ్వడం. ప్రాసెసింగ్ ఫీజు 1,180 వేరే. నో కాస్ట్ అంటే ఇదన్నమాట.

దీన్ని కాస్త నిదానంగా అర్థం చేసుకోండి, ఎందుకంటే ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. అప్పు ఒక ఒప్పందం, కోర్సు ఇంకో ఒప్పందం. క్లాసులు బాగాలేవని మీరు మానేసినా, ఇన్‌స్టిట్యూట్ రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసినా ఈఎంఐ ఆగదు. ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు ఒక బౌన్స్ చార్జీ వేస్తుంది, ఫైనాన్స్ వాళ్లు ఇంకోటి వేస్తారు, పైన సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఆర్బీఐ రూల్స్ ప్రకారం ఇలాంటి డిజిటల్ లోన్‌లో సంతకానికి ముందే వడ్డీ, చార్జీలన్నీ ఒకేచోట చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. మనసు మారితే పెనాల్టీ లేకుండా అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి బయటపడటానికి కూలింగ్ ఆఫ్ గడువు కూడా ఉంటుంది. మా మెయిల్‌లో ఆ కాగితం ఉంది కూడా, పీడీఎఫ్‌లో ఆరో పేజీ. నేను తెరిచింది అక్టోబరులో.

క్లాసుల సంగతి. డెమో సారు మళ్లీ కనిపించలేదు. మా బ్యాచ్‌కి వచ్చిన అబ్బాయి అంతకుముందు బ్యాచ్ స్టూడెంటే. మంచివాడు, పాపం. తనకీ జాబ్ రాలేదు, ఇక్కడే పాఠం చెప్పమన్నారు. చేతికిచ్చిన నోట్స్ జెరాక్స్‌కి జెరాక్స్, ఎంత పాతవంటే అందులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో సైటు విరగకుండా చూసుకునే చిట్కాలు మూడు పేజీలు ఉన్నాయి. ఆ బ్రౌజర్‌ని మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లోనే మూసేసింది. నేర్పిన బూట్‌స్ట్రాప్ (సైటు త్వరగా కట్టడానికి ముందే రాసిపెట్టిన కోడ్) మూడో వెర్షన్, 2013 నాటిది. దానికి దాని తయారీదారులే 2019లో సపోర్టు ఆపేశారు. పేజీని గళ్లుగా పంచి పేర్చే సీఎస్ఎస్ గ్రిడ్ పద్ధతి 2017లోనే పెద్ద బ్రౌజర్లన్నింటిలోకి వచ్చింది, మా నోట్స్‌లోకి మాత్రం రాలేదు. ప్రింట్ పేజీకి గ్రిడ్ గీసుకోవడం అలవాటున్న మాలాంటివాళ్లకి నిజానికి మొదట నేర్పాల్సింది అదే. ఒక్క సాయంత్రంలో ఎక్కుతుంది.

తెలుగు విషయంలో ఇంకా ఘోరం. ప్రాజెక్టుగా నాన్న షాపు సైటు తెలుగులో చేస్తానన్నాను. "అను ఫాంట్స్‌లో టైప్ చేసి పేస్ట్ చెయ్" అన్నారు. నేను పుట్టింది ఫ్లెక్సీ షాపులో, అను ఫాంట్స్ అంటే ఏమిటో నాకు తెలుసు. ఫ్లెక్సీకి, పాంప్లెట్‌కి దాన్ని మించింది లేదు. కానీ అది యూనికోడ్ కాదు, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి కాదు. లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది, అంతే. ఆ ఫాంటు లేని ఫోన్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, గూగుల్‌లో వెతికినా దొరకవు. "అయితే ఫొటోషాప్‌లో తెలుగు రాసి ఇమేజ్ పెట్టెయ్" అన్నారు. మండలి, ఎన్టీఆర్, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయని నాకు చెప్పింది మా కాలేజీ సీనియర్.

వాటిని పెట్టాక కూడా ఒక తమాషా జరిగింది. మెనూలో "ఉత్పత్తులు" అని రాస్తే స్క్రీన్ మీద "ఉతతులు" అని వచ్చింది. వత్తులు ఎక్కడికి పోయాయా అని అరగంట జుట్టు పీక్కున్నాను. ఇంగ్లిష్ అక్షరానికి సరిపడా ఎత్తు కొలిచి కట్టిన బాక్సు అది. మన వత్తులు కిందికి దిగుతాయి కదా, అక్కడ కత్తెర పడింది. బాక్సుకి కట్టేసిన ఎత్తు తీసేసి, లైన్ హైట్ (ఒక్కో వరసకి వదిలే ఎత్తు) 1.2 నుంచి 1.7కి పెంచితే వత్తులు తిరిగొచ్చాయి. క్లాసులో అడిగితే "తెలుగులో ఎవరు చూస్తారు, ఇంగ్లిష్‌లో పెట్టెయ్" అన్నారు. జనగామ ఫ్లెక్సీ షాపుకి!

ఇక "లైవ్ ప్రాజెక్టు". పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ ఇచ్చి, మీ పేరు, ఫొటో, పనులు మార్చుకోండి అన్నారు. మార్చుకున్నాం, ముప్పైమందిమీ. డొమైన్, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉంచే చోటు) కోర్సులో భాగమని ఇన్‌స్టిట్యూటే కొనిచ్చింది. నా పేరుతో డాట్ కామ్ చూసి ఎంత మురిసిపోయానో. అమ్మ లింకుని చుట్టాలందరికీ వాట్సాప్ చేసింది.

డిసెంబరులో మాదాపూర్‌లో ఒక స్టూడియోలో ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూ చేసిన మేడం నా సైటు తెరిచి, ఏమీ మాట్లాడకుండా రైట్ క్లిక్ కొట్టి, సైటు వెనకున్న కోడ్ చూపించే వ్యూ పేజ్ సోర్స్ నొక్కారు. పైన నాలుగో లైనులోనే మాకిచ్చిన థీమ్ (రెడీమేడ్ సైటు డిజైన్) పేరు, దాన్ని చేసిన విదేశీ కంపెనీ పేరు ఉన్నాయి. కిందికి వెళ్తే ఫుటర్‌లో నా ఫోన్ నంబరు పక్కన న్యూయార్క్ అడ్రసు. థీమ్‌తో వచ్చిన నమూనా అడ్రసు, నేను మార్చడం మర్చిపోయాను. "మీరు న్యూయార్క్‌లో ఉంటారా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు లెండి. తర్వాత ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి "ఈ మూడు బాక్సుల్ని రెండు చేసి చూపిస్తారా?" అన్నారు. ఫైలు చూస్తూ కూర్చున్నాను. ఏసీ గదిలో చెమటలు. ఆఖర్న ఆవిడ అన్నది ఇదీ: "మీ పోస్టర్లు బాగున్నాయి. ఈ సైటు మీది కాదు కదా? ఈ నెలలో ఇదే సైటుతో వచ్చినవాళ్లలో మీరు మూడోవారు."

అంతటితో అయిపోలేదు. సంక్రాంతికి ఇంటికెళ్తే మా చిన్నాన్న "నీ సైటు నొక్కితే రమ్మీ వస్తోందేంట్రా" అన్నాడు. ఫోన్‌లో తెరిస్తే నిజంగానే పేకాట యాడ్ పేజీకి వెళ్లిపోతోంది. డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌ని ఎక్కడో పైరసీ సైటు నుంచి దించి మాకు పంచారు. అలాంటి కాపీల్లో ఇలా దారి మళ్లించే కోడ్ దూర్చి ఉండటం మామూలేనట. తీసేద్దామంటే హోస్టింగ్ లాగిన్ నా దగ్గర లేదు. డొమైన్ కొన్న అకౌంటు ఇన్‌స్టిట్యూట్ మెయిల్ మీద ఉంది. అడిగితే రెన్యువల్, ట్రాన్స్‌ఫర్ కలిపి 4,500 కట్టమన్నారు. డాట్ కామ్ మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ, మనమే నేరుగా కొనుక్కోవచ్చు. ఎవరైనా "మేమే కొనిస్తాం" అంటే వద్దని చెప్పండి. మీ మెయిల్‌తో మీరే అకౌంటు తెరిచి కొనండి. ఇప్పటికే ఇరుక్కుని ఉంటే డొమైన్ మార్చుకోవడానికి పాస్‌వర్డ్ లాంటి ట్రాన్స్‌ఫర్ ఆథరైజేషన్ కోడ్ అడగండి, మెయిల్‌లోనే అడగండి. ఫోన్‌లో అడిగినదానికి సాక్ష్యం ఉండదు. కొత్తగా కొన్న డొమైన్ మామూలుగా 60 రోజుల దాకా, అమ్మిన కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి కదలదు, అది మాత్రం వాళ్ల చేతిలో లేదు.

ఇక పాంప్లెట్‌లో ఉన్న ఆ జాబ్ గ్యారంటీ సంగతి. రసీదు వెనక సన్న అక్షరాల్లో "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అని ఉంది. ఆ అసిస్టెన్స్ కింద నాకు వచ్చింది 12,000 జీతానికి టెలికాలింగ్. వద్దంటే, 25,000 ఇస్తే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటరు ఇప్పిస్తామన్నారు. దొంగ లెటరు. ఆ మాట అన్న మనిషికి కనీసం గొంతు కూడా తగ్గలేదు.

కోచింగ్ సెంటర్లు ఉద్యోగం గ్యారంటీ అంటూ తప్పుడు హామీలతో ప్రకటనలు ఇవ్వకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (సీసీపీఏ) 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అందుకే పాంప్లెట్ పారేయకండి, బోర్డు ఫొటో తీసి పెట్టుకోండి. అదృష్టం కొద్దీ నా పాంప్లెట్ నోట్స్ మధ్యలో బుక్‌మార్కుగా మిగిలింది. ఫిబ్రవరిలో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. వాళ్లు రాజీకి ప్రయత్నిస్తారు, తీర్పు ఇవ్వలేరు. అయినా ఫిర్యాదు నంబరు పడ్డాకే ఇన్‌స్టిట్యూట్ నుంచి మొదటిసారి మర్యాదగా ఫోన్ వచ్చింది. గూగుల్‌లో నేను పెట్టిన ఒక స్టార్ రివ్యూ తీసేస్తే 18,000 వెనక్కి ఇస్తారట. తీయనన్నాను. నాన్న తీసేయమంటున్నాడు, ఇంట్లో ఆ గొడవ ఇంకా నడుస్తోంది.

తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, లాయర్ లేకుండా మనమే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే వేయొచ్చు. నష్టం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. కాగితాలు సర్దుతున్నాను. ఫైనాన్స్ కంపెనీకి విడిగా మెయిల్ పెట్టాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి కంపెనీల మీద ఫిర్యాదులు వినే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఈలోగా ఈఎంఐ మాత్రం ఆపడం లేదు, నాన్నకి మెషిన్ లోన్ అవసరం ఉంది, స్కోరుతో ఆడుకోలేం.

నేర్చుకోవడం సంగతంటారా, ఇప్పుడు రోజూ రాత్రి గంటన్నర కూర్చుంటున్నాను. వెబ్ పాఠాలుండే ఎండీఎన్ సైటు చదువుతున్నాను, ఫ్రీకోడ్‌క్యాంప్‌లో అభ్యాసాలు చేస్తున్నాను. రెండూ ఉచితం. కోడ్ రాసేది వీఎస్ కోడ్‌ అనే ఎడిటర్‌లో, సైటు పెట్టేది గిట్‌హబ్ పేజెస్‌లో, వాటికీ పైసా ఖర్చు లేదు. నాన్న షాపు పేజీ మొదటి లైను నుంచీ నేనే రాశాను. పొడవు 10 అడుగులు, వెడల్పు 4 అడుగులు కొడితే 40 చదరపు అడుగులకి ఎంతవుతుందో లెక్క చెప్పే చిన్న బాక్సు కూడా పెట్టాను. చూడ్డానికి సాదాగా ఉంటుంది, ఏదీ ఎగరదు, జారదు. "ఉత్పత్తులు" మాత్రం వత్తులతో సహా ఉంది.

మా బ్యాచ్ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఇంటర్వ్యూకి వెళ్లేముందు మీ సైటు అట్టడుగుకి ఒకసారి స్క్రోల్ చేయండి. మీరూ న్యూయార్క్‌లోనే ఉంటున్నారేమో.